డక్ అంటే బాతు ఒక్కటేనా?

మీ అబ్బాయి ఎనిమిదో తరగతి ఇంగ్లిష్ పాఠంలో ‘ద బాయ్ డక్ట్ అండర్ ద రోప్’ అనే వాక్యం వచ్చిందనీ, దానికి వాడు ‘అబ్బాయి తాడు కింద బాతులా ఉన్నాడు’ అని రాసి టీచర్ చేత కొట్టివేయించుకున్నాడనీ రాశారు. క్రికెట్‌లో డకౌట్‌కీ, అమెరికా వార్తల్లో లేమ్ డక్‌కీ బాతుతో ఏం సంబంధమని కూడా అడిగారు. ఇంగ్లిష్ వార్తలను తెలుగులోకి మార్చడం నాకు ఇరవై రెండేళ్లుగా రోజువారీ పని. ఈ మాట నా బల్ల మీదికి రాని వారం ఉండదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముందు హోంవర్క్ సంగతి. ఆ వాక్యానికి తెలుగు: ‘అబ్బాయి తల వంచి తాడు కింద నుంచి అవతలికి వెళ్లాడు.’ ఇక్కడ డక్ పక్షి పేరు కాదు, క్రియ. దెబ్బ తగలకుండానో, ఎవరి కంటా పడకుండానో తలనో ఒంటినో చప్పున కిందికి దించడం దాని అర్థం. గుమ్మం ఎత్తు తక్కువగా ఉండే పాత పెంకుటిళ్లు గుర్తున్నాయా? చుట్టాలు లోపలికి వస్తుంటే ‘తల జాగ్రత్త, వంగి రండి’ అంటాం. ఆ చోట ఇంగ్లిష్‌వాళ్లు ఒక్క మాటే అరుస్తారు, ‘డక్!’ అని. అది వినబడగానే ముందు తల దించాలి.

పలకడం కూడా మీవాడికి ఇప్పుడే నేర్పండి. రాసేటప్పుడు చివర ఈడీ వస్తుంది కదా అని చాలామంది పిల్లలు ‘డకెడ్’ అంటారు. ‘డక్ట్’ అనాలి. ఏసీ గాలి వచ్చే గొట్టాన్ని డక్ట్ అంటాం చూడండి, అచ్చం ఆ ధ్వనే. స్పెల్లింగ్ వేరు, అర్థం వేరు, చెవికి మాత్రం రెండూ ఒకటే.

ఇక అసలు సంగతి. బాతు పేరు మీదుగా ఈ క్రియ వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగింది దానికి తలకిందులు. మునగడం, తల కిందికి పెట్టడం అనే అర్థమున్న పాత ధాతువు నుంచే ఆ పక్షికి ‘మునిగేది’ అని పేరు వచ్చింది. పాత ఇంగ్లిష్‌లో బాతుకు ‘ఎనెద్’ అనే వేరే మాట ఉండేది. దాని బంధువు జర్మన్‌లో ‘ఎంటె’గా ఇప్పటికీ బతికి ఉంది. ఇంగ్లిష్‌లో మాత్రం ఆ పేరు పోయి, చేసే పనిని బట్టి పెట్టిన పేరు నిలిచింది. చెట్టును తొలిచే పిట్టను మనం వడ్రంగి పిట్ట అన్నట్టే ఇదీను.

నేను డెల్టా పల్లెలో పెరిగాను. వరికోతలు అయ్యాక బాతులు మేపేవాళ్లు మందలకు మందలు తోలుకొచ్చేవాళ్లు. కోసిన చేలల్లో రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకుని తింటూ అవి సాయంత్రానికి పంటకాలువలోకి దిగేవి. గట్టు మీద కూర్చుని చూస్తే ఒక్కొక్కటీ ఉన్నట్టుండి తలా మెడా నీళ్లలోకి దించి, తోక ఆకాశానికి ఎత్తి, నారింజ రంగు కాళ్లతో నీళ్లు తన్నుకుంటూ కాసేపు అలాగే నిలబడిపోయేది. తర్వాత గభాలున పైకి లేచి ముక్కు విదిలించుకునేది. ఆ తల దించే క్షణమే డక్. మీవాడికి ఈ ఒక్క దృశ్యం చూపించగలిగితే చాలు, క్రియ అర్థం మళ్లీ చెప్పనక్కర్లేదు. ఫోన్‌లో వీడియో చూపించినా సరే.

అక్కడి నుంచి అర్థం కొంచెం కొంచెంగా జరిగింది. ఒకరి తల పట్టుకుని నీళ్లలో ముంచినా డక్ చేయడమే. బంతి మీదికి వస్తే వంగడమూ అదే. చివరికి ఇబ్బంది పెట్టే ప్రశ్న నుంచి తప్పించుకోవడం కూడా. ‘ద మినిస్టర్ డక్ట్ ద క్వశ్చన్’ అని వార్త వస్తే తెలుగులో ‘మంత్రి ఆ ప్రశ్నను దాటవేశారు’ అని రాస్తాం. మనవాడు ప్రశ్న పైనుంచి దాటిపోతాడు, ఇంగ్లిష్‌వాడు కింద నుంచి దూరిపోతాడు. చేసే పని ఒకటే, కళ్ల ముందు కదిలే బొమ్మ వేరు. అనువాదంలో వెతుక్కోవాల్సింది ఇలాంటి మాటలనే.

ఇప్పుడు క్రికెట్. ఇక్కడ ఒకే ఆటలో ఈ మాట రెండు రకాలుగా వస్తుంది, అందుకే పిల్లలు తికమక పడతారు. ఫాస్ట్ బౌలర్ బౌన్సర్ వేస్తే బ్యాటర్ తల దించి వదిలేస్తాడు. అది క్రియ, పైన చెప్పుకున్నదే. పరుగేమీ చేయకుండా అవుటైతే ‘అవుట్ ఫర్ ఎ డక్’ అంటారు. ఇది పక్షి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే పక్షి గుడ్డు. స్కోరుబోర్డు మీద సున్నా బాతుగుడ్డులా ఉంటుందని 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ‘డక్స్ ఎగ్’ అనడం మొదలైంది. వాడుకలో గుడ్డు జారిపోయి డక్ మిగిలింది. మన దగ్గర లెక్కల పరీక్షలో సున్నా వచ్చినవాడిని ‘కోడిగుడ్డు తెచ్చుకున్నాడు’ అంటాం కదా, ఊహ అదే. మనకు కోడి, వాళ్లకు బాతు. అమెరికావాళ్లు ఆటల్లో సున్నాను ‘గూస్ ఎగ్’ అంటారు.

ఇందులో రకాలున్నాయి. ఎదుర్కొన్న మొదటి బంతికే సున్నాకు అవుటైతే గోల్డెన్ డక్. ఒక్క బంతి కూడా ఆడకుండానే, ఉదాహరణకు అవతలి ఎండ్‌లో ఉండగా రనౌట్ అయితే, డైమండ్ డక్. ఒకే మ్యాచ్‌లో రెండు ఇన్నింగ్స్‌లోనూ సున్నా అయితే పెయిర్. రెండు సున్నాలు పక్కపక్కన పెడితే కళ్లజోడులా ఉంటాయి, ఆ జోడు నుంచి వచ్చిన మాట అది. రెండూ మొదటి బంతికే అయితే కింగ్ పెయిర్.

డక్ అంటే చేతకానితనం అనుకుంటాడేమో మీవాడు. వాడికి ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్ కథ చెప్పండి. 1948 ఆగస్టు 14న లండన్ ఓవల్ మైదానంలో ఆయన చివరి టెస్టు ఇన్నింగ్స్ ఆడటానికి దిగాడు. 4 పరుగులు చేస్తే టెస్టు సగటు సరిగ్గా 100. ఇంగ్లండ్ బౌలర్ ఎరిక్ హోలీస్ వేసిన రెండో బంతికి బౌల్డ్ అయ్యాడు. సున్నా. సగటు 99.94 దగ్గర ఆగిపోయింది. క్రికెట్‌లో ఆ అంకె తెలియనివాళ్లు అరుదు. ఆ అంకె వెనక ఉన్నది ఒక డక్.

ఇక్కడ ఒక హెచ్చరిక. మనం ‘డకౌట్’ అని ఒకే మాటగా వాడతాం. పత్రికల్లో నేనూ రాస్తాను, మన దగ్గర అది స్థిరపడిపోయింది, తప్పు పట్టనక్కర్లేదు. కానీ మీవాడు ఇంగ్లిష్ పరీక్షలో ‘హీ వాజ్ డక్ అవుట్’ అని రాయకూడదు. ‘హీ వాజ్ అవుట్ ఫర్ ఎ డక్’ అని రాయాలి. ఇంగ్లిష్‌లో ‘డక్ అవుట్’ అంటే చెప్పాపెట్టకుండా మెల్లగా జారుకోవడం. ‘షి డక్ట్ అవుట్ ఆఫ్ ద మీటింగ్’ అంటే ఆవిడ మీటింగ్ మధ్యలోంచి జారుకుందని. టీ20ల్లో ఆటగాళ్లు కూర్చునే డగౌట్ మళ్లీ వేరే మాట. తవ్వడం అనే అర్థమున్న ‘డిగ్’ నుంచి వచ్చింది. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఈ రెంటినీ కలిపేసి ‘డకౌట్‌లో కూర్చున్న కోచ్’ అని రాసిన కాపీలు నేను చాలాసార్లు దిద్దాను.

లేమ్ డక్ దగ్గర నాకు స్వయంగా దెబ్బ తగిలింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంట్) మీద వచ్చిన ఏజెన్సీ వార్తలో ‘లేమ్ డక్ సెషన్’ను ‘కుంటి బాతు సమావేశం’ అని మార్చి పంపేశాను. రాత్రి డ్యూటీలో ఉన్న పెద్దాయన కాపీ నా ముందు పెట్టి, ‘ఇది చదివి మా అమ్మకు ఏం అర్థమవుతుందో చెప్పు బాబూ’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన కేకలేయలేదు గానీ, పేజీ వెళ్లే లోపు ఆ మాట వెనకున్న చరిత్రంతా నాతో చదివించారు. ఆ రాత్రి చదివినదే ఇప్పుడు చెబుతున్నాను.

ఇది మొదట రాజకీయం కాదు, షేర్ బజారు మాట. 18వ శతాబ్దపు లండన్‌లో ఎక్స్‌ఛేంజ్ ఆలీ అనే సందులో షేర్ల బేరాలు జరిగేవి. నష్టపోయి బాకీ చెల్లించలేక చేతులెత్తేసినవాడిని లేమ్ డక్ అనేవాళ్లు. తలదించుకుని కుంటుతూ ఆ సందు వదిలిపోయేవాడన్నమాట. ఇంగ్లిష్ రచయిత హొరేస్ వాల్‌పోల్ 1761లో రాసిన ఒక ఉత్తరంలో బుల్ (ధర పెరుగుతుందని కొనేవాడు), బేర్ (పడుతుందని అమ్మేవాడు), లేమ్ డక్ మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. అందులో బుల్, బేర్ మన తెలుగు బిజినెస్ పేజీల దాకా వచ్చేశాయి. లేమ్ డక్ మాత్రం అట్లాంటిక్ దాటి రాజకీయాల్లో స్థిరపడింది.

అమెరికాలో అధ్యక్ష ఎన్నిక నవంబర్‌లో జరుగుతుంది. కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసేది జనవరి 20న. మధ్యలో ఉన్న రెండున్నర నెలలూ పాత అధ్యక్షుడే కుర్చీలో ఉంటాడు. సంతకానికి విలువ పోదు, కానీ ఎలాగూ వెళ్లిపోయేవాడే కదా అని ఎవరూ ఖాతరు చేయరు. అదీ లేమ్ డక్. అలాగే ఎన్నికలయ్యాక కూడా పాత సభ్యులతోనే జరిగే కాంగ్రెస్ సమావేశం లేమ్ డక్ సెషన్. ఒకప్పుడు ఈ వ్యవధి ఇంకా ఎక్కువ, ప్రమాణం మార్చి 4న ఉండేది. లింకన్ 1860 నవంబర్‌లో గెలిచి 1861 మార్చి 4న పదవి చేపట్టేలోపు ఏడు రాష్ట్రాలు యూనియన్ నుంచి విడిపోతున్నట్టు ప్రకటించేశాయి. అప్పుడు కుర్చీలో ఉన్న బుకానన్ వాటిని ఆపలేకపోయాడు. 1933లో ఆమోదం పొందిన 20వ రాజ్యాంగ సవరణ ప్రమాణ తేదీని జనవరి 20కి ముందుకు జరిపింది. దాన్ని అక్కడివాళ్లు ‘లేమ్ డక్ సవరణ’ అనే పిలుస్తారు.

మరి తెలుగులో ఏమనాలి? కొందరు ‘ఆపద్ధర్మ అధ్యక్షుడు’ అని రాస్తారు. నాకు అది సరికాదనిపిస్తుంది. ఆపద్ధర్మ ప్రభుత్వం అంటే రాజీనామా చేసి, కొత్తవాళ్లు వచ్చేదాకా రోజువారీ పనులు మాత్రమే చూసుకునేది. లేమ్ డక్ రాజీనామా చేయలేదు, అధికారాలు పూర్తిగా ఉన్నాయి, పలుకుబడి ఒక్కటే పోయింది. అందుకని నేను ‘దిగిపోనున్న అధ్యక్షుడు’ అంటాను, సందర్భం అవసరమైతే ‘మాట చెల్లని’ అనే మాట కలుపుతాను. అమెరికాలో ఉన్న మనవాళ్లు డిసెంబర్‌లో వీసా బిల్లుల గురించి మాట్లాడుకునేటప్పుడు ‘లేమ్ డక్ సెషన్‌లో ఏమైనా పాసవుతుందా’ అని టెన్షన్ పడుతుంటారు. వాళ్లకు ఈ మాట విడమరచనక్కర్లేదు. ఊళ్లో పేపర్ చదివే వాళ్ల అమ్మానాన్నలకు మాత్రం విడమరచాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ‘లైక్ వాటర్ ఆఫ్ ఎ డక్స్ బ్యాక్’. బాతు తోక మొదట్లో నూనె గ్రంథి ఒకటి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు పూసుకుంటూ ఉంటుంది. ఈకల పోగులు కూడా కొక్కేల్లా ఒకదానికొకటి పట్టుకుని మధ్యలో గాలిని బంధిస్తాయి. అందుకే కాలువలోంచి గట్టెక్కిన బాతు వీపు మీద నీళ్లు పూసల్లా దొర్లిపోతాయి, ఒకసారి విదిలిస్తే పొడి. ఎన్ని విమర్శలు వచ్చినా అంటించుకోని మనిషి గురించి ఇంగ్లిష్‌లో ఈ మాట వాడతారు. తెలుగులో మనకు రెండున్నాయి: ‘దున్నపోతు మీద వాన కురిసినట్టు’, ‘తామరాకు మీద నీటిబొట్టులా’. వీటిలో ఏది వేయాలన్నది చాలా జాగ్రత్తగా చూడాలి. దున్నపోతు అంటే తిట్టు, మొద్దుతనం. తామరాకు అంటే మెచ్చుకోలు, వైరాగ్యం. ఇంగ్లిష్ బాతు ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. తన మీద వచ్చిన విమర్శల్ని ఒక కెప్టెన్ పట్టించుకోలేదన్న వార్తలో దున్నపోతు వేస్తే ఆయన్ను మనమే తిట్టినట్టు అవుతుంది. అలాంటప్పుడు నేను ‘విమర్శలేవీ ఆయన్ను అంటలేదు’ అని వదిలేస్తాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ‘సిటింగ్ డక్’ వేటగాళ్ల మాట. ఎగిరే బాతును కొట్టడం కష్టం, నీళ్ల మీద కదలకుండా కూర్చున్నది సులువుగా దొరికిపోతుంది. ఫోన్‌లో అడగ్గానే ఓటీపీ చెప్పేసేవాళ్లు సైబర్ మోసగాళ్లకు అలా దొరికేవాళ్లే. ‘లైక్ ఎ డక్ టు వాటర్’ అంటే కొత్త పనిలో ఇట్టే ఒదిగిపోవడం. ‘చేపపిల్లకు ఈత నేర్పాలా’ అనే మన మాట దానికి దగ్గర. ‘డక్ సూప్’ అంటే అమెరికాలో నల్లేరు మీద బండి నడక. ‘గెట్ యువర్ డక్స్ ఇన్ ఎ రో’ అంటే పని మొదలుపెట్టే ముందే అన్నీ సర్దిపెట్టుకోమని. వీసా ఇంటర్వ్యూకి వెళ్లేవాడికి కాగితాలన్నీ వరసగా పెట్టుకో అంటాం చూడండి, అలా. ‘ప్లే డక్స్ అండ్ డ్రేక్స్’ అంటే చెరువులో చదునైన పెంకు విసిరి నీళ్ల మీద గెంతించే ఆట. డ్రేక్ అంటే మగబాతు. డబ్బుతో ఆ ఆట ఆడాడంటే మంచినీళ్లలా ఖర్చు పెట్టాడని.

మాధాపూర్‌లో సాఫ్ట్‌వేర్ చేసే పిల్లల టేబుళ్ల మీద పసుపు రబ్బరు బాతు కనిపిస్తే అది బొమ్మ మాత్రమే కాదు. కోడ్‌లో తప్పు దొరకనప్పుడు ఆ బాతుకు ఒక్కో లైన్ పైకి చదువుతూ వివరిస్తారు. అలా చెబుతుండగా తప్పు తనకే తడుతుంది. దాన్ని రబ్బర్ డక్ డీబగింగ్ అంటారు. నేను క్లిష్టమైన వాక్యాన్ని మా ఆవిడకు పైకి చదివి వినిపించడమూ ఇలాంటిదే. సగం సార్లు ఆవిడ నోరు తెరిచేలోపే తప్పు నాకే దొరుకుతుంది.

బాతు కాని బాతులు కూడా ఉన్నాయి. మీవాడికి ఇవి బాగా నచ్చుతాయి. బాంబే డక్ ఒక చేప, మరాఠీలో బొంబిల్. ఎండబెట్టి తింటారు. బ్రిటిష్ కాలంలో బొంబాయిలో పనిచేసే దొరలను దీన్నిబట్టే ‘డక్స్’ అని పిలిచేవాళ్లు. మన కోస్తా ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కదా, మద్రాసు దొరలకేమో మిరియాల చారు నుంచి వచ్చిన ముల్లిగటానీ పేరు మీద ‘మల్స్’ అని పేరు. ముంబయి బౌలర్ అజిత్ అగార్కర్ 1999-2000 ఆస్ట్రేలియా పర్యటనలో వరుసగా 5 టెస్టు ఇన్నింగ్స్‌లో సున్నాకు అవుటైనప్పుడు, ఊరూ చేపా సున్నా మూడూ కలిసొచ్చేలా ఆయనకు ‘బాంబే డక్’ అని పేరు పెట్టారు. ఆ అగార్కరే 2002లో లార్డ్స్‌లో సెంచరీ కొట్టాడు. ఈ సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం.

గుడ్డల్లో డక్ అంటే మందపాటి కాన్వాస్. ఇది డచ్‌లో గుడ్డ అని అర్థమున్న ‘డూక్’ నుంచి వచ్చింది, పక్షికి చుట్టరికమే లేదు. రెండో ప్రపంచయుద్ధంలో నేల మీదా నీటి మీదా నడిచే ఒక అమెరికన్ ట్రక్కును సైనికులు డక్ అనేవాళ్లు. డీ, యూ, కే, డబ్ల్యూ అనే నాలుగు అక్షరాల ఫ్యాక్టరీ కోడ్‌ను నోటికి వచ్చినట్టు పలికితే అలా అయింది. 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో సరుకులు దింపింది ఈ బండ్లే.

రివర్స్‌లో జరిగే తప్పు ఒకటి ఉంది, పరీక్షల్లో మార్కులు పోయేది అక్కడే. మనం ‘బంగారు గుడ్లు పెట్టే బాతు’ అంటాం. ఇంగ్లిష్‌లో అది డక్ కాదు, గూస్. మెడ పొడుగ్గా, ఒళ్లు పెద్దదిగా ఉండే జాతి. తెలుగులో రెంటినీ బాతనే అనేస్తాం కాబట్టి పిల్లలు ధైర్యంగా డక్ రాసేస్తారు. మీవాడికి ఆ కథ మీద వ్యాసం రాయమని ఇస్తే ఇది గుర్తు చేయండి.

చివరగా, డక్ ముద్దుమాట కూడా. మా చెల్లెలి కూతురు మాస్టర్స్ చదవడానికి ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ వెళ్లిన మొదటి వారం నాకు ఫోన్ చేసింది. గొంతులో బాధ తెలుస్తోంది. ‘మామయ్యా, బస్సు ఎక్కి కార్డు ఆనిస్తుంటే డ్రైవర్ నన్ను బాతు అన్నాడు, నా నడక చూసి వెక్కిరించాడా’ అని అడిగింది. ఆయన అన్నది ‘థాంక్యూ, మి డక్’ అని. నాటింగ్‌హామ్, డర్బీ, స్టోక్ చుట్టుపక్కల ఆడా మగా తేడా లేకుండా, తెలిసినా తెలియకపోయినా ఎవరినైనా అలా పిలుస్తారు. మన కండక్టర్ ‘ముందుకు జరుగమ్మా’ అన్నప్పుడు ఆ ‘అమ్మ’ ఎంతో, అక్కడ ఆ ‘డక్’ అంత. నేను విషయం చెప్పాక తను కాసేపు మాట్లాడలేదు. నెల తర్వాత మళ్లీ ఫోన్ చేసినప్పుడు, ఆ డ్రైవరే రోజూ వస్తాడనీ, తను దిగేటప్పుడు ‘థాంక్యూ, మి డక్’ అని తిరిగి అంటోందనీ చెప్పింది.